ఉరిమితే ముందు సిస్టరమ్మ దిగాలి

నేను మా అపార్ట్‌మెంటుకి సెక్రటరీని అయింది మీటింగుకి వెళ్ళకపోవడం వల్ల. ఆ వేళ బ్లౌజుల లైనింగు గుడ్డ కోసం ఎలమంచిలి వెళ్ళాను. సాయంత్రం బస్సు దిగి గేటులో అడుగు పెట్టేసరికి వాచ్‌మన్ భార్య ఎదురొచ్చి, "మేడమ్ గారూ, మిమ్మల్నే సెక్రట్రీ సేసీసేరు" అని పళ్ళన్నీ బయటపెట్టి నవ్వింది. నాకసలే కోపం ముక్కు మీద ఉంటుంది. గుడ్డ మూట అక్కడే పడేసి, మూడో అంతస్తు మాస్టారి గుమ్మంలో నిలబడి కడిగి పారేశాను. ఆయన చదువుతున్న పేపరు మడవనైనా మడవకుండా, "రానివాళ్ళనే ఎన్నుకోవాలమ్మా. వచ్చినవాళ్ళు ఒప్పుకోరు కదా" అన్నారు. ఆ మాటకి నాకు నవ్వొచ్చింది. నవ్వాక ఇంకేం పోట్లాడతాం, ఆ పదవి అలాగే నా నెత్తిన మిగిలిపోయింది.

అనకాపల్లిలో మాది పాత బిల్డింగు. ఐదంతస్తులు, ఒక్కటే లిఫ్టు. కటకటాల తలుపు చేత్తో లాగి మూసుకుంటేనే కదులుతుంది, సరిగ్గా మూయకపోతే అలిగి నిలబడుతుంది. రెండో అంతస్తులో నేను మిషను కుట్టుకుంటూ ఉంటాను కాబట్టి ఆ తలుపు చప్పుడు వినే ఎవరు ఎక్కారో, ఎవరు దిగారో చెప్పేస్తాను. మెల్లగా, మర్యాదగా లాగితే సిస్టరమ్మ. దడాల్న లాగితే కిందింటి పిన్ని.

సిస్టరమ్మ ఐదో అంతస్తులో ఉంటారు. గవర్నమెంటు ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరయ్యారు. కూతురూ అల్లుడూ ఉద్యోగాలకి వెళితే దీపాలు పెట్టాకే వస్తారు. పిన్నిది కశింకోట వైపు చెరుకు రైతుల కుటుంబం, గేటు పక్కన కింది ఫ్లాటు. సిస్టరమ్మ ఆదివారం చర్చికి వెళితే పిన్ని శనివారం ఉపవాసం. ఇద్దరూ ఒకరినొకరు ఒదినా అని పిలుచుకుంటారు. ఇద్దరికీ కలిపి ఒక్క మంచి మోకాలు లేదు. మెట్లన్న మాట వింటేనే ఇద్దరూ మొహం ముడుచుకుంటారు.

ఇక సిస్టరమ్మ సంగతి ఒకటుంది. ఆసుపత్రిలో రక్తం చూసి కుర్ర డాక్టర్లు తడబడితే వాళ్ళని కసిరిన మనిషి ఆవిడ. ఒకరోజు బ్లౌజు కొలతకొచ్చి, నేను భుజం మీద టేపు పెట్టగానే గొంతు తగ్గించి, "నాకు ఉరుమంటే చచ్చేంత భయం పిల్లా. ఎవరికీ చెప్పకు" అన్నారు. పొంగిపోయాను. ఇంత పెద్దావిడ నన్నొక్కదాన్నే నమ్మింది కదా అని, మా ఆయనకి కూడా చెప్పకుండా దాచుకున్నాను. తీరా చూస్తే మాస్టారికి తెలుసు, వాచ్‌మన్ భార్యకి తెలుసు, పాలవాడికి కూడా తెలుసు. అందరికీ విడివిడిగా, ఎవరికీ చెప్పకు అని చెప్పారట!

అందుకే ఆకాశం నల్లబడితే చాలు, ఐదో అంతస్తు నుంచి లిఫ్టు మెల్లగా దిగేది. పిన్ని ఇంట్లో నడిమి గదిలో తలుపులన్నీ వేసుకుని, ఇద్దరూ అష్టాచెమ్మా గీసుకుని కూర్చునేవారు. బయట ఎంత ఉరిమినా పిన్ని గొంతు ముందు అది దిగదుడుపే. "ఒదినా, ఆట సూడు, ఆకాశం కాదు" అని గదమాయించేది.

మొన్న వేసవిలో ఒక మధ్యాహ్నం ఉన్నట్టుండి ముంచుకొచ్చింది. మబ్బు పట్టడం, పిడుగు పడటం దాదాపు ఒక్కసారే అయ్యాయి. మేడ మీద నీళ్ళ ట్యాంకు పక్కన పిట్టగోడ మూల ఊడి కింద పడింది. బిల్డింగంతా కాలిన వైరు వాసన. నా మిషను మోటారు పోయింది, మాస్టారి టీవీ పోయింది, మూడు నాలుగు ఇళ్ళలో ఇంటర్నెట్ పెట్టెలు పోయాయి. లిఫ్టు బోర్డు మాడి మసైపోయింది.

మోటారు సంగతి తర్వాత, ముందు సిస్టరమ్మ గుర్తొచ్చారు. పరుగున పైకెక్కాను. ఫ్లాటు తలుపు బార్లా తీసి ఉంది. లిఫ్టు మీట ఎంత నొక్కినా రాకపోయేసరికి వెనక్కొచ్చి, తలుపు మూలన నేల మీద కూలబడ్డారు. తల మీద దిండు పెట్టుకుని చర్చి పాట పాడుతున్నారు. పక్కన కూర్చోగానే నా చెయ్యి పట్టుకున్నారు చూడండి, రాత్రి అన్నం తినేటప్పుడు కూడా వేళ్ళ గుర్తులు కనిపించాయి. నాకు ఏడుపొచ్చింది. ఆ వెంటనే ఎవరి మీదో తెలియని కోపమొచ్చింది.

లిఫ్టు మెకానిక్కు వచ్చి పెట్టె తెరిచి, పెదవి విరిచాడు. "ఈ మోడలు తయారీ మానేసేరండీ. ఎక్కడో ఒక్క బోర్డు మిగిలుంది, తెప్పిస్తాను. ఇదీ కాలిందంటే మరి దొరకదు. లిఫ్టే మార్చుకోవాల" అన్నాడు. కొత్త లిఫ్టంటే మా జనం ఎన్ని మీటింగులు పెడతారో, ఎన్నేళ్ళు పెడతారో నాకు తెలుసు. అన్నేళ్ళూ సిస్టరమ్మ పైనే ఉండిపోవాలి.

బోర్డు వచ్చేదాకా ఆ వేసవి గడిచిన తీరు తలుచుకుంటే ఇప్పటికీ పొట్ట చెక్కలవుతుంది. పిన్ని ఒక వెదురు బుట్టకి నూతి తాడు కట్టించి, దాన్ని ఐదో అంతస్తు బాల్కనీ నుంచి వేలాడదీయించింది. కింది నుంచి బెల్లం ముక్కలు, ములక్కాడలు, పప్పుచారు కేరేజీ. పై నుంచి కేకు ముక్కలు, మోకాళ్ళ నూనె, చదివేసిన వారపత్రికలు. దారిలో మా బాల్కనీ ముందు నుంచే వెళ్ళేది కాబట్టి నేను సుంకం కింద ఒక ముక్క తీసుకునేదాన్ని. "ఎవులే అది బుట్టాపింది?" అని కింది నుంచి పిన్ని అరుపు.

అష్టాచెమ్మా ఫోనులో సాగింది. కింద ఒక పటం, పైన ఒక పటం. ఎవరి గవ్వలు వాళ్ళు వేసి ఎంత పడిందో చెప్పాలి, అవతలివాళ్ళు నమ్మాలి. పిన్నికి ఎప్పుడూ అష్టే పడేది!

"ఒదినా, నీ గవ్వలకి ఇంకో అంకె తెలీదేటి?"

"ఉప్మాక ఎంకన్న మీద ఒట్టు. అష్టే పడ్డాది."

"అష్టకీ ఎంకన్నకీ ఏటి సంబంధం? వీడియో పెట్టు."

"నాకు ఈడియోలు రావు" అని పిన్ని ఠక్కున ఫోను పెట్టేసేది. రోజూ మనవడితో గంటసేపు వీడియోలో మాట్లాడే మనిషి.

ఇంత నవ్వులోనూ మబ్బు పట్టిన రోజు మాత్రం ఫోను మోగేది కాదు. ఉరుముతుంటే ఫోను పట్టుకోవడానికి కూడా సిస్టరమ్మకి భయమే. ఎవరో ఒకరం పైకి పరిగెత్తేవాళ్ళం. పిన్ని మాత్రం మెట్ల దగ్గర నిలబడి పైకి చూసేది. ఒకసారి నాలుగు మెట్లెక్కి, రొప్పుతూ అక్కడే కూర్చుండిపోయింది. "ఎల్లు పిల్లా, నువ్వెల్లు, ఒక్కర్తీ ఉన్నాది" అని నన్ను తోసింది.

సెక్రటరీగా నా మొదటి మీటింగు ఆ మర్నాడే పెట్టాను. మేడ మీద పిడుగు కడ్డీ పెట్టించాలి, లిఫ్టు పెట్టెకి కరెంటు పోటు తగలకుండా రక్షణ పెట్టె బిగించాలి. ఇదే మాట.

మాస్టారు లేచి, "అమ్మా, రాగి కడ్డీని ఆకాశంలోకి ఎత్తి నిలబెట్టడమంటే, పిడుగుగారూ మా ఇంటికి భోజనానికి రండి అని పిలవడమే" అన్నారు. అందరూ తలలూపారు. నాకు మండుకొచ్చింది. "పిలవకుండానే వచ్చింది కదండీ, మీ టీవీ తినేసి వెళ్ళింది కదా!" అన్నాను. పనికి పిలిచిన ఎలక్ట్రీషియన్ అక్కడే ఉన్నాడు. "కొత్తగా ఏదీ పిలవదు సార్. వచ్చిన పిడుగు ఇళ్ళలోకి దూరకుండా, గోడెంట ఈ రాగి పట్టీ మీదుగా నేలలోకి దిగిపోద్ది. అంతే" అన్నాడు. మాస్టారు కాసేపు గడ్డం గోక్కుని, సరే చూద్దామన్నారు.

అసలు చిక్కు గొయ్యి దగ్గరొచ్చింది. పిడుగు దిగడానికి మట్టి కావాలి. మా బిల్డింగు చుట్టూ సిమెంటే. మట్టన్నది ఉన్నది పిన్ని కిటికీ కింద ఒక్క చోటే. అక్కడ ఆవిడ కనకాంబరాలు, మరువం, ఒక కరివేపాకు మొక్క. ఆ మొక్కల దగ్గర చెప్పులు విప్పితే ఊరుకునేది కాదు. అందరం ఆవిడ మొహంలోకి చూశాం. పిన్ని బొట్టు సర్దుకుని, "పూలు బజార్లో దొరకవేటి? తవ్వీండి" అంది.

అందన్న మాటే గాని, తవ్వినంతసేపూ ఆ ఎలక్ట్రీషియన్‌కి తలప్రాణం తోకకి వచ్చింది. "ఆ ఏరు తెగకుండా తియ్యి బాబూ." "అది మరువం, గడ్డి కాదు, కళ్ళున్నాయా?" గొయ్యిలో ఉప్పు, బొగ్గు పొయ్యాలన్నాడు. ఉప్పు బస్తా చూసి పిన్ని గుండెలు బాదుకుంది. "ఓలమ్మో! ఎన్ని జాడీల ఆవకాయ పట్టొచ్చు దీంతో!" గొయ్యి ఎప్పుడూ తడిగా ఉండాలని చెప్పి అతను వెళ్ళిపోయాడు. ఆ రోజు నుంచి మొక్కలకి పోసినట్టే దానికీ రోజూ బిందెడు నీళ్ళు పోసేది. పోసేటప్పుడు తిట్టేది కూడా.

మేడ మీద కడ్డీ లేచిందో లేదో, దానికి మాస్టారు తాడు కట్టి లుంగీలు ఆరేశారు. ఒక్క అరుపు అరిచాను, బజారు దాకా వినిపించి ఉంటుంది. తాడు పోయింది. తర్వాత ఎవరో పావురాలు వాలకుండా పాత సీడీ వేలాడదీశారు. అదీ పీకేశాను.

వానలు పడుతుండగా బోర్డొచ్చింది. లిఫ్టు కదిలిన రోజు సిస్టరమ్మ పెళ్ళికి కట్టే చీర కట్టుకుని దిగారు. పిన్ని లిఫ్టు తలుపు దడాల్న లాగి, ఆవిడని బయటికి దిగనివ్వకుండా తనే లోపలికి ఎక్కేసింది. ఇద్దరూ పైకెళ్ళారు, కిందికొచ్చారు, మళ్ళీ పైకెళ్ళారు. నేను గుమ్మంలో నిలబడి చూస్తుంటే కటకటాల వెనక నుంచి చేతులూపుతూ పోయారు, తీర్థంలో రంగులరాట్నం ఎక్కిన పిల్లల్లాగ. బిల్డింగంతా మెట్ల మీదకొచ్చి నవ్వింది.

ఇక్కడ మా జనం అలవాటొకటి చెప్పాలి. ఉరుము వినబడితే మావాళ్ళు ప్లగ్గులు పీకుతారు. దేవుణ్ణి తలుచుకోవడం కూడా దాని తర్వాతే. పై నుంచి కింది దాకా టపటపా స్విచ్చుల చప్పుడే. మా ఆయనయితే అటక మీద పడున్న చెడిపోయిన టేప్‌రికార్డర్ తీగ కూడా తడిమి వస్తాడు. పీకేదేదో ఉరుము దగ్గరికి రాకముందే పీకాలి, వచ్చాక వైర్ల జోలికి పోకూడదు అని ఎలక్ట్రీషియన్ చెప్పాడు. మెయిన్ స్విచ్చు గురించి ఎవరూ అతన్ని అడగలేదు, అతనూ చెప్పలేదు.

దసరా వెళ్ళాక ఒక సాయంత్రం పడమట నల్లగా కమ్ముకొచ్చింది. కొత్త బోర్డుకి అదే మొదటి పరీక్ష. నేను సెక్రటరీని కదా, సిస్టరమ్మని దింపడానికి పైకి వెళ్ళాను. మేం లిఫ్టు మీట నొక్కేసరికి అది పైకొచ్చింది, అందులో పిన్ని ఉంది. "ఆలీసం అవుతాదని నానే వచ్చీసేను" అంది. ముగ్గురం ఎక్కాం. నాలుగో అంతస్తు దాటాం, మూడు దాటాం, మా రెండో అంతస్తు కూడా దాటుతున్నాం. దూరంగా గుడగుడమని ఉరిమింది.

లిఫ్టు టక్కున ఆగిపోయింది. దీపం ఆరిపోయింది.

కటకటాల్లోంచి చూస్తే రెండో అంతస్తు నేల నా మెడ దగ్గరుంది. అంత ఎత్తులో రెండు కాళ్ళు కనిపించాయి. చెప్పులు చూసి మా ఆయనేనని గుర్తుపట్టాను.

"కరెంటు పోయిందా?" అని అరిచాను.

"వీధిలో ఉంది. మనకే లేదు" అన్నాయి ఆ కాళ్ళు.

కింది నుంచి వాచ్‌మన్ భార్య గొంతు ఖంగున వినబడింది. "పిన్నిగారూ! మీరు సెప్పినట్టే ఉరమగానే మెయిను దించీసేనండీ!"

చీకట్లో నేను పిన్ని వైపు తిరిగాను. ఆవిడ గోడ వైపు తిరిగింది.

"పిన్నీ?"

"నానే సెప్పేను" అంది చివరికి. "ఉరుమిందంటే మరి దేనికీ సూడకు, ముందు మెయిను దించీ అన్నాను. బోర్డు కాలిపోద్దని."

"బోర్డు కాలకూడదని మనుషుల్ని వేలాడదీస్తారా? అందులో మీరూ ఉన్నారు కదా!"

"నానెక్కుతానని నాకేటి తెలుసు?"

నేను పైకి కిందికి కేకలేశాను, మెయిన్ ఎత్తమని. వాచ్‌మన్ భార్య ఎత్తేదే. పిన్ని అంతకంటే గట్టిగా అరిచింది. "ఎత్తొద్దు! వాన ఎల్లిపోయే దాకా ఎత్తొద్దు!" నాకు ఒళ్ళు మండిపోయింది. సెక్రటరీ ఎవరు, నేనా మీరా అని అడిగాను. పిన్ని ఈసారి అరవలేదు. "ఇదే ఆకరి బోర్డంట కదే. ఇదీ పోతే ఒదిన మరి దిగదు. ఇక్కడైతే ఇద్దరం ఒక్క దగ్గరున్నాం. ఉండనీ" అంది.

చీకటికి కళ్ళు అలవాటు పడ్డాక సిస్టరమ్మ వైపు చూశాను. పిన్ని చేతిని రెండు చేతులతో పట్టుకుని, కళ్ళు గట్టిగా మూసుకుని ఉన్నారు.

ఈలోగా జనమంతా మెట్ల మీదకి చేరారు. మాస్టారు టార్చితో దిగి, మా కటకటాల ఎదుట మెట్టు మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు. "అందరం ఒక చోట చేరడం మన బిల్డింగు చరిత్రలో ఇదే మొదలు. మీటింగు జరిపేద్దామా సెక్రటరీగారూ?" అన్నారు. నవ్వకూడదని పళ్ళు బిగబట్టాను. ఎవరో కటకటాల సందులోంచి వేడి పకోడీల పొట్లం అందించారు. పిన్ని ఒకటి నోట్లో వేసుకుని, ఉప్పు తక్కువైందంది. "ఉప్పంతా మీ గొయ్యిలో ఉంది కదండీ" అన్నాడు మా ఆయన. ఆ చీకట్లో మెట్లన్నీ నవ్వాయి.

అప్పుడు పడింది.

తెల్లటి వెలుగు మెట్ల కిటికీలోంచి లోపలిదాకా కొట్టింది. దాంతో పాటే, మధ్యలో సందు లేకుండా, చెవులు చిల్లులు పడే చప్పుడు. కటకటాలు గలగలా వణికాయి. పకోడీలు నా కాళ్ళ మీద పడ్డాయి. నేను కెవ్వున అరిచాను, మాస్టారు నాకంటే గట్టిగా అరిచారు.

తర్వాత వాన చప్పుడొక్కటే.

"ఒదినా" అన్నారు సిస్టరమ్మ. "పడిందా?"

"పడ్డాది."

"మన మీదేనా?"

"మన మీదే."

సిస్టరమ్మ కళ్ళు తెరిచారు. టార్చి వెలుగులో తన చేతులు చూసుకున్నారు, పిన్నిని చూశారు, నన్ను చూశారు. "మరి నేనేటి ఇలాగే ఉన్నాను?" అన్నారు. ఆవిడకి నవ్వు మొదలైంది. చిన్నగా మొదలై, భుజాలు కదిలి, కళ్ళమ్మట నీళ్ళొచ్చి, లిఫ్టు ఊగేంత నవ్వు. పిన్ని అందుకుంది. "ఊపకండి, ఊపకండి" అని నేను ఏడుపు గొంతుతో మొదలుపెట్టి నవ్వులోకి దిగిపోయాను. మా ఆయన కాళ్ళు కూడా ఊగాయి.

ఉరుములు కశింకోట దిక్కుకి జరిగాక సిస్టరమ్మే చెప్పారు, మెయిన్ ఎత్తమని. పిన్ని ఆపలేదు. కింద స్విచ్చు టక్కుమంది, మాకు దీపం వెలిగింది. ముగ్గురం ఆ మీటలకేసి చూస్తూ నిలబడ్డాం, ఎవరికీ నొక్కే ధైర్యం లేదు. పిన్ని కళ్ళు మూసుకుని ఎంకన్నని తలుచుకుని కిందికి నొక్కింది. లిఫ్టు ఒకసారి మూలిగింది. కదిలింది. మెట్ల మీద జనం అరిచిన అరుపుకి వీధిలో కుక్కలు మొరిగాయి.

బోర్డుని కాపాడింది ఎవరో ఇప్పటికీ తేలలేదు. ఎలక్ట్రీషియన్ కడ్డీ అంటాడు, తను బిగించిన రక్షణ పెట్టె అంటాడు. "నాను మెయిను దింపించబట్టి" అంటుంది పిన్ని. "నేను ప్రార్థన చెయ్యబట్టి" అంటారు సిస్టరమ్మ. మాస్టారయితే, లుంగీల తాడు తీసేయడం మంచిదైందని ఒప్పుకుంటారు. ఆ పిడుగు మాత్రం కడ్డీ మీదే పడి, మా అందరి గోడల పక్కనుంచీ దిగి, పిన్ని పూల మట్టిలోకి పోయింది. మర్నాడు పొద్దున్న ఆవిడ ఆ గొయ్యి దగ్గర బిందెతో నిలబడి, తిట్టకుండా నీళ్ళు పోసింది. అది నేను నా కళ్ళతో చూశాను.

మీటింగు పుస్తకంలో ఎక్కలేదు గానీ, ఆ రోజు మెట్ల మీద ఒక తీర్మానం అయింది. దాన్ని మా బిల్డింగులో ఇంతవరకూ ఎవరూ తప్పలేదు. మబ్బు పట్టి దూరంగా ఉరిమిందంటే ఎవరూ మెయిన్ ముట్టుకోరు. ప్లగ్గు కూడా ముట్టుకోరు. నేను కుడుతున్న బ్లౌజు వదిలేసి గుమ్మంలోకి వచ్చి, మెట్ల మధ్యలోకి తల పెట్టి కేకేస్తాను. అప్పటికే మూడో అంతస్తు నుంచి మాస్టారు, నాలుగు నుంచి ఎవరో ఒకరు అదే కేక వేస్తుంటారు.

"సిస్టరమ్మ దిగీసేరా?"

ఒక్క క్షణం అందరం అలాగే ఆగుతాం. కింది నుంచి లిఫ్టు తలుపు దడాల్న లాగిన చప్పుడు, ఆ వెంటనే రెండు గొంతులు కలిపి వినబడతాయి.

"దిగీసేం!"

అప్పుడు పీకుతాం ప్లగ్గులు.